రెండో డ్రైవరేడీ?

లె మాన్ పందేన్ని ఒంటరి వీరుడి కథగా మార్చిన హాలీవుడ్ సినిమాకు ఒక చేపల లారీ డ్రైవరు వేసిన ప్రశ్న

సినిమా అయిపోయింది. తెర మీద పేర్లు పైకి పాకుతున్నాయి. లైట్లు వేశారు. జనం ఫోన్లు చూసుకుంటూ మెట్లు దిగుతున్నారు. పక్క సీట్లో పెదనాన్న మాత్రం కదల్లేదు. పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో అలాగే ఉంది. బాగా నచ్చినట్టుందే అనుకున్నాను. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏరా, పందెం ఇరవై నాలుగ్గంటలన్నావు కదా. రాత్రంతా వాడొక్కడే తోలాడేంట్రా? రెండో డ్రైవరేడీ?"

"ఉన్నాడు పెదనాన్నా. మధ్యలో బండి ఆపినప్పుడు హెల్మెట్ పెట్టుకుని ఒకడు కనిపించాడు చూడు."

"వాడా! క్లీనరనుకున్నానే!"

ఇది 2019 నవంబరు నాటి మాట. సినిమా పేరు 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'. ఐరోపాలో దీన్నే 'లె మాన్ 66' అని విడుదల చేశారు. జేమ్స్ మాంగోల్డ్ తీశాడు. మాట్ డేమన్, క్రిస్టియన్ బేల్ హీరోలు. పదో తరగతి నుంచీ కార్ల పందేల పిచ్చి ఉన్నవాణ్ని, ట్రైలరు వచ్చినప్పట్నుంచీ రోజులు లెక్కపెట్టుకున్నాను. పెదనాన్న ఆ వారం మోకాలు చూపించుకోవడానికి హైదరాబాదు వచ్చి మా ఇంట్లో దిగాడు. ముప్పై ఏళ్లు క్లచ్చి తొక్కిన ఎడమ మోకాలు అది. ఎలాగూ బండ్ల సినిమాయే కదా అని వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆయన సంగతి రెండు ముక్కలు చెప్పాలి. కైకలూరు నుంచి హౌరాకు చేపల లోడు తోలేవాడు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి పెట్టెల్లో ఐసు పొడి కొట్టి, పైన టార్పాలిన్ బిగించి పంపుతారు. వెయ్యి కిలోమీటర్లకు పైనే దారి. ఐసు కరిగేలోగా బండి మార్కెట్లో ఉండాలి. లేటైతే రేటు పడిపోతుంది, సేటు మొహం మాడిపోతుంది. అందుకే బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకడు తోలుతుంటే ఒకడు వెనక బల్ల మీద పడుకుంటాడు. పడుకున్నవాడు నిద్రలోనూ గేరు మోత వింటూనే ఉంటాడట. ఘాటు దగ్గర తోలేవాడు గేరు దించాల్సిన చోట దించకపోతే, కళ్లు తెరవకుండానే "ఏంట్రా, కునుకు పట్టిందా?" అని కేకేస్తాడట. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇంజను మోత మాత్రం అన్ని భాషల్లోనూ వచ్చు.

అలాంటి మనిషికి రెండున్నర గంటల సినిమాలో రెండో డ్రైవరు కనిపించలేదు. నాకూ కనిపించలేదని ఆయన అడిగాక తెలిసింది. హాల్లోంచి బయటికొస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది కానీ అదేమిటో నాకు పేరు దొరకలేదు. పెదనాన్నకు ఒక్క మాటలో దొరికింది.

పేర్ల మధ్య గీత

లె మాన్ అంటే తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పుకుందాం. ఫ్రాన్సులో పారిస్‌కు నైరుతి దిక్కునున్న ఊరు. 1923 నుంచి అక్కడ దాదాపు ఏటా ఇరవై నాలుగ్గంటల పందెం జరుగుతోంది. 1966లో చుట్టు పొడవు 13 కిలోమీటర్ల 461 మీటర్లు. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో ఎడ్లబండ్లు, పాలవ్యాన్లు తిరిగే రోడ్డే. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం నాలుగు దాకా ఆపకుండా తోలాలి. ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లే విజేతలు. వేగం ఒక్కటే ఉంటే చాలదు. ఇంజను బతకాలి, బ్రేకులు బతకాలి, మనిషి బతకాలి.

ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆ రోజుల్లో కారుకు ఇద్దరు, ఇప్పుడైతే ముగ్గురు. రికార్డు పుస్తకం ఏది తీసినా లె మాన్ విజేతల పేర్లు జంటగానే ఉంటాయి, మధ్యలో చిన్న గీతతో. ఈ సినిమా ఏం చేసిందంటే ఓపిగ్గా కూర్చుని ఆ గీతలన్నీ చెరిపేసింది.

మొదటి సన్నివేశం 1959. కారల్ షెల్బీ రాత్రి చీకట్లో ఆస్టన్ మార్టిన్ తోలుతుంటాడు. గెలుస్తాడు. వెంటనే డాక్టరు గదిలో గుండె జబ్బు అని తేలుతుంది, పందేలు మానేస్తాడు. గుండె జబ్బు నిజమే, గెలుపూ నిజమే. కానీ ఆ కారుతో గెలిచింది షెల్బీ-సాల్వడోరి జంట. రాయ్ సాల్వడోరి అనే ఇంగ్లీషువాడు ఆ కారులో సగం కాపురం చేశాడు. సినిమాలో అతనికి చోటు లేదు.

తర్వాత 1965. సినిమా ప్రకారం ఫోర్డ్ కంపెనీవాళ్లు కథానాయకుడైన డ్రైవరు కెన్ మైల్స్‌ను లె మాన్‌కు రానివ్వరు. నోటి దురుసు మనిషి, కంపెనీ పరువు తీస్తాడని వెనకే ఉంచేస్తారు. పాపం మైల్స్ రాత్రిపూట షెడ్డులో ఒంటరిగా రేడియో వింటూ తన బండి చచ్చిపోవడం చెవులతో చూస్తాడు. కళ్లు చెమర్చే సన్నివేశం. తీరా చూస్తే 1965లో మైల్స్ లె మాన్‌లో ఉన్నాడు, కారు తోలాడు, గేరుబాక్సు పోయి ఆగిపోయాడు. ఆ కారులో అతని జంట ఎవరనుకున్నారు? బ్రూస్ మెక్‌లారెన్. మరుసటి ఏడాది ఇదే మైదానంలో మైల్స్‌ను రెండో స్థానానికి నెట్టిన మెక్‌లారెనే. ఏడాది కిందట ఒకే సీటు పంచుకున్న ఇద్దరు మరుసటేడు పక్కపక్క కార్లలో గీత దాటారు. రచయితకు ఇంతకంటే ఏం కావాలి? చేతికందిన పళ్లెం పక్కకు తోసేసి షెడ్డు, రేడియో, కన్నీళ్లు వడ్డించారు.

ఇక 1966 ఫిబ్రవరి డేటోనా పందెం. సినిమాలో అది మన మాస్ సినిమా ఇంటర్వెల్ ఫైటే. చివరి చుట్టు, చివరి మలుపు, మైల్స్ ఇంజను గొంతు చించుకుని ముందున్న కారును దాటేస్తాడు. హాలంతా చప్పట్లు. అసలు డేటోనాలో మైల్స్ గెలిచింది ఎనిమిది చుట్ల తేడాతో. జంట లాయిడ్ రూబీ, టెక్సస్ మనిషి. ఇండియానాపొలిస్ 500 పందెంలో ఏళ్ల తరబడి గెలుపు అంచుదాకా వెళ్లి ఒక్కసారీ గెలవలేకపోయిన దురదృష్టవంతుడు. డేటోనా రూబీకి దక్కిన పెద్ద గెలుపు. అదీ తెర మీద మైల్స్ ఒక్కడి ఖాతాలోకే పోయింది.

మార్చిలో సెబ్రింగ్. అక్కడ ముందున్న డాన్ గర్నీ కారు చివరి చుట్టులో చచ్చిపోతే అతను దిగి, బండిని భుజంతో నెట్టుకుంటూ గీత వైపు వచ్చాడు. నెట్టకూడదని నిబంధన, అనర్హుడన్నారు. గెలుపు మళ్లీ మైల్స్-రూబీలదే. ఇలాంటి సంఘటన మన తెలుగు రచయిత కల్పించి రాస్తే "మరీ ఎక్కువైంది" అని విమర్శకులు కొట్టిపారేసేవాళ్లు. నిజంగా జరిగింది. సినిమాలో లేదు.

లె మాన్‌కు కొద్ది రోజుల ముందు రూబీ చిన్న విమానం కూలి గాయపడ్డాడు. అతని బదులు మైల్స్ పక్కకు వచ్చినవాడే పెదనాన్న క్లీనరనుకున్న మనిషి. పేరు డెన్నీ హల్మ్.

తండ్రి ఒళ్లో లారీ

హల్మ్ న్యూజిలాండ్‌వాడు. తండ్రి క్లైవ్ హల్మ్ రెండో ప్రపంచ యుద్ధంలో క్రీటు దీవి పోరులో చూపిన తెగువకు విక్టోరియా క్రాస్ అందుకున్న సైనికుడు. యుద్ధం తర్వాత లారీలు పెట్టుకున్నాడు. డెన్నీ ఆ తండ్రి ఒళ్లో కూర్చుని లారీ స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఆరేళ్లకే సొంతంగా తోలేవాడని చెబుతారు. కుర్రతనంలో పందేల్లో చెప్పులు కూడా లేకుండా తోలేవాడు. పెడలు తగిలే తీరు అరికాలికి తెలియాలని. మాట తక్కువ, గుర్రు ఎక్కువ. తోటివాళ్లు 'ఎలుగుబంటి' అని పిలిచేవాళ్లు. 1966లో అతను మైల్స్ పక్కన రెండో డ్రైవరు. 1967లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇదంతా పెదనాన్నకు చెప్పాను. ఆయన మజ్జిగన్నం కలుపుతూ వింటున్నాడు. లారీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. "లారీవాళ్ల పిల్లోడా!" అన్నాడు. ఆ తర్వాత మైల్స్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సినిమాలో హల్మ్ పాత్ర వేసింది బెన్ కాలిన్స్. ఇంగ్లండు టీవీలో తెల్ల హెల్మెట్ వెనక మొహం చూపించకుండా ఏళ్ల తరబడి కార్లు తోలిన మనిషి. మొహం లేని డ్రైవరుగా పేరు తెచ్చుకున్నవాణ్ని ఏరికోరి తెచ్చి మళ్లీ మొహం లేని వేషమే ఇచ్చారు. కావాలని చేశారో, అలా కుదిరిందో కానీ, సినిమా మొత్తంలో నాకు నవ్వొచ్చిన చోటు అదొక్కటే.

ఇంకో లెక్క చూడండి. సినిమా పేరే ఒక దేశానికీ ఇంకో దేశానికీ కుస్తీ అన్నట్టుంటుంది, అమెరికా మీద ఇటలీ. 1966 జూన్ 19న మొదటి స్థానం మెక్‌లారెన్-ఏమన్, రెండో స్థానం మైల్స్-హల్మ్. మెక్‌లారెన్, ఏమన్, హల్మ్ ముగ్గురూ న్యూజిలాండ్‌వాళ్లు. మైల్స్ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన పుట్టి, యుద్ధంలో ట్యాంకులు నడిపి, ముప్పై దాటాక అమెరికాకు వలస వెళ్లినవాడు. అంటే మొదటి రెండు కార్లలో అమెరికాలో పుట్టిన డ్రైవరు ఒక్కడూ లేడు. కారు సంగతీ అంతే. ఫోర్డ్ దించిన జీటీ40 మూలం ఎరిక్ బ్రాడ్లీ అనే ఇంగ్లీషు డిజైనరు లోలా కారు. దాన్ని మలచిన ఇంజనీరు రాయ్ లన్ కూడా ఇంగ్లీషువాడే. మొదటి బళ్లు తయారైంది లండన్ పక్కన స్లౌ ఊళ్లో. నేల నుంచి నలభై అంగుళాల ఎత్తు కాబట్టి ఆ పేరు వచ్చింది. డబ్బు, ఏడు లీటర్ల ఇంజను, పంతం మాత్రం అమెరికావి. అది తక్కువేమీ కాదు. కానీ తెర మీద ఊగిన జెండాలు చూస్తే ఆ మిగతావాళ్లంతా ఏ పడవలో కొట్టుకుపోయారా అనిపిస్తుంది.

ఇరవై మీటర్లు

నిజం ఒప్పుకోవాలి. సినిమాగా చూస్తే పనితనం తక్కువేం కాదు. ఎడిటింగుకు, సౌండ్ ఎడిటింగుకు ఆస్కార్లు వచ్చాయి, రావాల్సినవే. ఎర్రగా కాలిన బ్రేకు డిస్కులను చూసి పెదనాన్న ముందు సీటు పట్టుకుని వంగాడు. ఘాటు దిగుతూ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి. పిట్స్‌లో బ్రేకుల సెట్టు మొత్తం ఊడదీసి కొత్తది బిగించే చోట "అదీ!" అని తొడ మీద కొట్టుకున్నాడు. ఆ ఏర్పాటు నిజం, చేసినవాడు ఫిల్ రెమింగ్టన్. రెండో హెన్రీ ఫోర్డ్‌ను షెల్బీ కారులో తిప్పితే ఆయన వెక్కివెక్కి ఏడ్చే సన్నివేశం శుద్ధ కల్పన. దాని మీద నాకు కోపం లేదు, అంత బాగా నటించాడు ఆ నటుడు. 1963లో ఫెరారీని కొనాలన్న ఫోర్డ్ బేరం చెడగానే దాన్ని ఫియట్ కొనేసినట్టు చూపించారు. నిజానికి ఫియట్ సగం వాటా కొన్నది 1969లో. అదీ వదిలేద్దాం, కథ బిగువు కోసం ఆరేళ్లు జరిపారనుకుందాం.

వదిలేయలేనిది ముగింపు. అందరికీ గుర్తుండే ముగింపు కూడా అదే.

ఆదివారం మధ్యాహ్నానికి ఫెరారీ కంపెనీ కార్లు ఒక్కటీ మిగల్లేదు. ముందున్న మూడు కార్లూ ఫోర్డ్‌లే. మైల్స్-హల్మ్ కారు అన్నిటికంటే ముందుంది. అప్పుడు ఫోర్డ్ పందేల పెద్ద లియో బీబీ ఒక ఆలోచన చేశాడు. మూడూ కలిసి గీత దాటితే ఫొటో అదిరిపోతుంది, పైగా చివరి గంటల్లో సొంత కార్లే ఒకదాన్నొకటి దాటబోయి గుద్దుకునే ప్రమాదం తప్పుతుంది. మైల్స్‌కు నెమ్మదించమని కబురు. అతను నెమ్మదించాడు. వాన తుంపర్లో మూడు ఫోర్డ్‌లు కలిసి వచ్చాయి. సమానమంటే కుదరదన్నారు ఫ్రెంచి నిర్వాహకులు.

ఎందుకు కుదరదంటే, పందెం మొదట్లో కార్లన్నీ పిట్ గోడ పక్కన ఏటవాలుగా వరసగా నిలబెడతారు. ప్రాక్టీసులో వేగంగా తోలిన కారు ముందు, నెమ్మదివి వెనక. మెక్‌లారెన్ కారు మైల్స్ కారుకు సుమారు ఇరవై మీటర్లు వెనక నిలబడింది. చివర్లో ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు. అంటే వెనక నిలబడ్డవాడు ఇరవై మీటర్లు ఎక్కువ తోలినట్టు. 4,843 కిలోమీటర్లు తోలాక ఇరవై మీటర్ల దగ్గర లెక్క తెగింది.

సినిమా ఈ లెక్క సరిగ్గానే చెప్పింది. తర్వాత కెమెరా మైల్స్ మొహం మీదికి వెళుతుంది. ఒంటరిగా నడుస్తాడు. స్టాండులో ఉన్న ఎంజో ఫెరారీ దూరం నుంచి తలవంచి గౌరవం చూపిస్తాడు. ఎంజో ఆ రోజు లె మాన్‌లో లేడు. ఇల్లు కదిలి పందేలకు వచ్చే మనిషి కాడు. అదట్లా ఉంచితే, ఆ ఇరవై మీటర్లు పోగొట్టుకున్నది మైల్స్ ఒక్కడేనా? ఆ కారులో హల్మ్ కూడా ఉన్నాడు. రాత్రి సగం అతనిది. గెలుపులో అతనిదీ సగం, ఓటమిలో అతనిదీ సగం. లె మాన్ ఓవరాల్ విజేతల జాబితాలోకి హల్మ్ పేరు జీవితంలో ఎక్కలేదు. కెమెరా అతని వైపు ఒక్క రెండు క్షణాలు తిరిగి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదేమో.

గెలిచినవాళ్లకూ న్యాయం జరగలేదు. మెక్‌లారెన్-ఏమన్ ఊరికే గెలవలేదు. మెక్‌లారెన్‌కు ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీతో ఒప్పందం. పందెం మొదట్లోనే ఆ టైర్ల పైపొర ముక్కలుగా ఊడటం మొదలైంది. ఆగి, మళ్లీ ఆగి, వెనకబడ్డారు. చివరికి ఒప్పందం పక్కన పెట్టి గుడ్‌ఇయర్ టైర్లకు మారారు. పోయిన సమయం రాబట్టుకోవడానికి ఇరవై రెండేళ్ల ఏమన్ రాత్రంతా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయలేదు. దాన్ని చూపించి ఉంటే చివరి ఫ్రేములో మన మనసు రెండుగా చీలేది. సినిమాకు అది వద్దు. మన మనసు ఒక్క వైపే ఉండాలి.

విలన్ కావాలి కాబట్టి

ఒక్క వైపే ఉండాలంటే విలన్ ఉండాలి. సూటు వేసుకుని, పెదవి విరుస్తూ, హీరోను చూడగానే మొహం చిట్లించే ఆఫీసరు. మన సినిమాల్లో ఈ వేషం వేసినవాళ్లను లెక్కపెట్టలేం. లియో బీబీకి ఆ వేషం అంటగట్టారు. నిర్ణయం అతనిదే, ఆ సంగతి తర్వాత అతను దాచుకోలేదు కూడా. కానీ ఏప్రిల్‌లో ఏం జరిగిందో సినిమా చెప్పదు. లె మాన్ ట్రయల్స్‌లో ఇదే ఫోర్డ్ కారు తోలుతూ వాల్ట్ హాన్స్‌గెన్ వాన నీళ్లలో జారి ప్రమాదానికి గురై, కొద్ది రోజులకు చనిపోయాడు. తడిరోడ్డు మీద సొంత డ్రైవర్లే పోటీ పడుతుంటే రెండు నెలల కిందట ఒకణ్ని పోగొట్టుకున్న మేనేజరుకు ఏమనిపిస్తుంది? తప్పు నిర్ణయమే అనుకుందాం. దాని వెనక భయం ఉంది, కేవలం పగ లేదు. 1956లో హంగరీ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు అమెరికాలో ఏర్పాట్లు చూసిన మనిషి ఇతనే. ఆ మాటకు సినిమాలో చోటు దొరకదు సరే, మనిషిగా నిలబడటానికైనా కాస్త జాగా ఇవ్వాల్సింది.

కంప్యూటరు మీదా అంతే కక్ష. కారులోంచి కంప్యూటరు పీకేసి, ఉన్నిదారాలు అతికించి గాలి ఎటు పోతోందో చూసే చోట హాలు ఈలలు వేసింది. అయ్యా, ఆ ఇంజను ఇరవై నాలుగ్గంటలు బతకడానికి కారణం ఫోర్డ్ ప్రయోగశాల. లె మాన్ చుట్టులో ఎక్కడ గేరు మారుతుందో, ఎక్కడ వేగం పడుతుందో లెక్కగట్టి, ఇంజనును బల్లకు బిగించి, యంత్రంతోనే గేర్లు మారుస్తూ రోజుల తరబడి తిప్పారు. పగిలింది మార్చారు, మళ్లీ తిప్పారు. ఎనిమిది ఫోర్డ్ మార్క్ 2 కార్లు బయల్దేరితే అయిదు మధ్యలోనే పోయాయి. చేరిన మూడూ మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. హీరో ముక్కుతో వాసన చూసి ఇంజను బాగుచేస్తే చప్పట్లు పడతాయి, పేరులేని ఇంజనీర్లు చార్టులు చూస్తే పడవు. నాకు తెలుసు.

అన్నిటికంటే నాకు కడుపు మండింది ఎదుటి శిబిరం గురించి. ఆ ఏడాది ఫెరారీలో జరిగిన గొడవను ఎలా వదిలేశారో అర్థం కాదు. జాన్ సర్టీస్ వాళ్ల పెద్ద డ్రైవరు. మోటారు సైకిళ్ల మీదా, కార్లలోనూ ప్రపంచ చాంపియన్ అయిన ఏకైక మనిషి. లె మాన్‌కు వచ్చాక అతని కారుకు ఇంకో డ్రైవరును కలిపారు, లుడొవికో స్కార్ఫియోటి. ఫియట్ అధిపతి ఆన్యెల్లీకి బంధువు. పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడు కాబట్టి మొదట స్కార్ఫియోటి తోలాలన్నాడు మేనేజరు డ్రాగోనీ. సర్టీస్ పందెం వదిలేసి వెళ్లిపోయాడు. ఫెరారీతో బంధం అక్కడితో తెగింది. అవతలి శిబిరంలోనూ కథ మొత్తం సీటు ఎవరితో పంచుకోవాలన్న దాని మీదే నడిచింది. రెండో డ్రైవరు కథ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. సినిమాలో మాత్రం ఎక్కడా లేదు.

మాటలు లేని సినిమా

ఇదంతా చెబితే మిత్రులు అనే మాట ఒకటే. సినిమాను పాఠ్యపుస్తకంలా చూస్తే ఎలా అని. 'ఆర్ఆర్ఆర్'లో అల్లూరి, కొమురం భీం స్నేహితులైతే చప్పట్లు కొట్టావు కదా అని. కొట్టాను. ఇది కల్పన అని రాజమౌళి షూటింగు మొదట్లోనే విలేఖరుల ముందు చెప్పాడు. ఈ ఇద్దరూ కలవలేదు, కలిస్తే ఎలా ఉంటుందో ఊహించానన్నాడు. నిజకథ అని బోర్డు పెట్టి హల్మ్‌ను క్లీనరును చేయలేదు. ఆ తేడా చిన్నదేం కాదు.

1971లో స్టీవ్ మెక్వీన్ 'లె మాన్' తీశాడు. కథ అంటూ పెద్దగా లేదు, మొదటి అరగంటకు పైగా పాత్రలు నోరు విప్పవు. దర్శకుడు జాన్ స్టర్జెస్ విసిగిపోయి మధ్యలో వదిలేసి వెళ్లాడు. షూటింగులో డేవిడ్ పైపర్ అనే డ్రైవరు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. సినిమా ఆడలేదు. కానీ 1970 పందెంలో కెమెరాలు బిగించిన పోర్షా కారును నిజంగానే పోటీలోకి దించి, పోటీ కార్ల మధ్యే చిత్రీకరించారు. పాత్రలన్నీ కల్పితాలే, చరిత్ర ముక్క లేదు. అయినా డ్రైవరు దిగి ఇంకొకడు ఎక్కడం, దిగినవాడు వ్యానులో మంచం మీద నిద్రపట్టక దొర్లడం, రెండింటికీ మూడింటికీ ఆ నిశ్శబ్దం, అన్నీ ఉన్నాయి. యూట్యూబులో ఒక ముక్క పెదనాన్నకు చూపించాను. "వీడు తోలినోడు తీసినట్టుందే" అన్నాడు. తీయించిన మెక్వీన్ నిజంగానే పందేల డ్రైవరు. 1970లో సెబ్రింగ్‌లో పీటర్ రెవ్సన్‌తో జంటగా రెండో స్థానంలో వచ్చాడు.

2013 నాటి 'రష్' మీదా నాకు ఇలాంటి అలకే. నికి లౌడా, జేమ్స్ హంట్ మొదటి రోజుల నుంచీ స్నేహితులు. సినిమాలో మొదటి రీలు నుంచే కత్తులు దూసుకుంటారు. 2023లో మైకేల్ మాన్ తీసిన 'ఫెరారీ' కొంత నయం. 1957 మే 12న మిల్లె మిల్యా పందెంలో డి పొర్టాగో కారు టైరు పేలి జనం మీదికి దూసుకెళ్లింది. డ్రైవరూ, పక్క సీట్లో ఉన్న ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్క నిలబడ్డ తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో అయిదుగురు పిల్లలు. ఆ సినిమా కనీసం కళ్లు తిప్పుకోలేదు.

పక్క సీటు అన్నాను కాబట్టి నా మనసులో మాట ఒకటి. 1955లో ఇదే మిల్లె మిల్యాలో స్టిర్లింగ్ మాస్ గెలిచాడు, సుమారు పదహారు వందల కిలోమీటర్లు పది గంటల ఏడు నిమిషాల్లో. పక్కన కూర్చున్నది డెనిస్ జెన్కిన్సన్ అనే గడ్డం విలేఖరి. దారిలో ప్రతి మలుపూ ముందే రాసుకున్నాడు. దాదాపు పద్దెనిమిది అడుగుల కాగితం, చిన్న పెట్టెలో రోలరుకు చుట్టి. ఇంజను హోరులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతో మలుపులు చెప్పాడు. మిట్ట అవతల రోడ్డు కనపడకపోయినా ఆ సైగను నమ్మి మాస్ కాలు తీయకుండా దూకించాడు. ఈ ఇద్దరి మీద పెద్ద సినిమా ఒకటి రావాలని నా కోరిక. వస్తే మొదటి ఆట టిక్కెట్లు రెండు తీసుకుంటాను.

కెన్ మైల్స్ లె మాన్ తర్వాత రెండు నెలలకే, 1966 ఆగస్టు 17న, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద ఫోర్డ్ కొత్త జె-కారును పరీక్షిస్తూ చనిపోయాడు. సినిమా అక్కడితో కథ ముగించింది. ఆ ప్రమాదం తర్వాతే ఫోర్డ్ ఆ కారు లోపల ఉక్కు పైపుల పంజరం బిగించింది. మరుసటి ఏడాది లె మాన్‌లో మారియో ఆండ్రెట్టి అదే రకం కారుతో గోడలకు కొట్టుకుని కూడా బయటపడ్డాడంటే ఆ పంజరం పుణ్యమే.

హల్మ్ ఇంకా చాలా కాలం తోలాడు. యాభై ఆరేళ్ల వయసులో, 1992 అక్టోబరు 4న, ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ పందెంలో వాన పడుతుండగా కళ్లు మసకబారుతున్నాయని రేడియోలో చెప్పాడు. తిన్నని రోడ్డు మీద గుండెపోటు వచ్చింది. కారు గోడకు రాసుకుంది. అయినా దాన్ని పక్కకు తెచ్చి, రెయిలింగుకు ఆనించి ఆపాడు. మార్షల్స్ వచ్చి చూసేసరికి స్టీరింగు ముందు బెల్టు పెట్టుకునే కూర్చుని ఉన్నాడు. ఆ కారుకు కూడా ఇద్దరు డ్రైవర్లు.